వార్డులో ఏడ్చినంత మాత్రాన నర్సుగా పనికిరాదా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది. మేల్ మెడికల్ వార్డులో పోస్టింగ్ పడినప్పటి నుంచి హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడుస్తోంది, మానేస్తానంటోంది. 'ఈ వృత్తికి కావాల్సిన కమిట్‌మెంట్ నీలో లేదు' అని వార్డులో అన్నారట. మానిపించి ఇంటికి తెచ్చుకోవాలా? – ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఇప్పుడే మానిపించకండి. అలాగని 'సర్దుకుపో తల్లీ' అని ఫోన్ పెట్టేయకండి. తను మానేస్తానంటున్నది నర్సు పనినా, ఆ వార్డునా, అక్కడి మనుషుల తీరునా? ముందు అది తెలియాలి.

మేయర్, ఆలెన్, స్మిత్ అనే పరిశోధకులు 1993లో వృత్తి నిబద్ధత మీద ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లు ప్రశ్నలు వేసింది నర్సింగ్ విద్యార్థుల్ని, నర్సుల్నే. మనిషిని వృత్తిలో నిలిపేవి మూడన్నారు: పని మీద ఇష్టం, ఇందులో ఉండటం నా బాధ్యత అన్న భావన, వదిలేస్తే నష్టపోతానన్న లెక్క. పనిచేసే సంస్థ మీద నిబద్ధత వేరు, వృత్తి మీద నిబద్ధత వేరు అని కూడా విడదీసి చూశారు. మన ఇళ్లలో మాత్రం మూడోదాన్నే పట్టుకుంటాం. 'ఇంత ఫీజు కట్టాం కదా' అంటాం. ఆ మాటకి పిల్ల కాలేజీలో ఉండిపోతుందేమో గానీ, నైట్ డ్యూటీలో రోగి పిలిస్తే విసుక్కోకుండా వెళ్లాలంటే మొదటి రెండూ కావాలి.

మీ అమ్మాయి వయసులో పరాయి మగవాళ్లకి స్పాంజ్ బాత్ ఇవ్వడం, బెడ్‌పాన్ తీయడం, పొద్దున బీపీ చూసిన మనిషి సాయంత్రానికి చనిపోవడం... ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఏడుపు వస్తుంది. నా దగ్గరకు వచ్చే నర్సింగ్ పిల్లల్లో ఇది అరుదేం కాదు. కాబట్టి ఈసారి ఫోన్ చేసినప్పుడు 'ఎందుకు ఏడుస్తున్నావ్' అనకుండా, 'ఈ రోజు ఎవరికి ఏం చేశావు, వాళ్లకి ఎలా ఉంది' అని అడగండి. రోగి గురించి చెప్తూ ఏడిస్తే తనలో ఆ ఇష్టం ఉన్నట్టే. బాధను తట్టుకోవడం సీనియర్లను చూసి నేర్చుకుంటుంది. మనిషి ఒంటిని ముట్టుకోవడమే భరించలేకపోతే అది వేరే సంగతి. ఎవరైనా అసభ్యంగా ప్రవర్తించారని తెలిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి, ప్రిన్సిపాల్‌ను మీరే వెళ్లి కలవండి.

ఆ 'కమిట్‌మెంట్ లేదు' అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి. చాలా వార్డులు దానికి దరిదాపుల్లో ఉండవు. చేతులు చాలని చోట సిస్టర్లు కసురుకుంటారు, విద్యార్థుల చేత ఖాళీలు పూరిస్తారు. మనుషుల్ని పెట్టాల్సిన చోట పెట్టకుండా, ఉన్నవాళ్ల నిబద్ధతను శంకించడం నాకు అన్యాయంగా తోస్తుంది. జీతాలదీ అదే కథ. ప్రైవేటు నర్సుల వేతనాలపై సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని 2016లోనే సిఫారసు చేసింది. ఇప్పటికీ అంతకన్నా తక్కువకి పనిచేస్తున్నవాళ్లున్నారు. మరోవైపు, ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల ఉమ్మడి పరీక్ష నార్‌సెట్ రాసి బీబీనగర్, మంగళగిరి వంటి ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్‌గా చేరితే మూల వేతనమే 44,900 రూపాయలు. బీఎస్సీ పూర్తిచేసి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉంటే చాలు, అనుభవం అడగరు.

ఇంకో మాట. తను ఇంతవరకూ చూసింది పెద్దవాళ్ల వార్డులే. పిల్లల వార్డు, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ నర్సింగ్ మూడో ఏడాదిలో మొదలవుతాయి. మెడికల్ వార్డులో ఇమడలేని అమ్మాయి పిల్లల వార్డులో చక్కగా కుదురుకోవచ్చు. కనీసం ఐదో సెమిస్టర్ పోస్టింగులు అయ్యేదాకా నిర్ణయం వాయిదా వేయమని ఇద్దరికీ చెప్తున్నాను. ఈలోగా తనని అర్థం చేసుకునే ఒక ట్యూటర్‌నో సీనియర్‌నో వెతుక్కోమనండి.

అప్పటికీ వద్దనిపిస్తే బైపీసీతో ల్యాబ్ టెక్నాలజీ, ఆప్టోమెట్రీ (కంటి చూపు పరీక్షలు) లాంటి కోర్సులున్నాయి. అయితే టీసీ అడిగే ముందు మిగతా ఏళ్ల ఫీజు అడుగుతారా, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారు అన్నది కాలేజీ నుంచి కాగితం మీద రాయించుకోండి.