గేదెల పలుపుతో గుర్రాన్ని కట్టవచ్చా?

ప్రశ్న: పెళ్లి ఊరేగింపుల కోసం రెండు నెలల క్రితం నాలుగేళ్ల ఆడ గుర్రాన్ని కొన్నాను. మొన్న గేదెల పలుపుతోనే పాక గేటుకు కట్టి దాణా పెడుతుంటే, లారీ హారన్‌కు బెదిరి వెనక్కి లాగింది. గేటు ఊడి వచ్చింది. ముడి విప్పబోయిన మా తమ్ముడి వేళ్లు రెండు నలిగాయి. గుర్రం కాలికి తాడు ఒరుసుకుని పుండు పడింది. ముందరికాళ్లకు బంధం వేయమని కొందరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, అనకాపల్లి జిల్లా

జవాబు: ముందు పుండు సంగతి చూడండి. గుర్రాలకు ధనుర్వాతం ముప్పు ఆవులు, గేదెల కంటే చాలా ఎక్కువ. గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి, ఈ రోజే పశువైద్యుడికి చూపించి ధనుర్వాతం టీకా సంగతి అడగండి. కిరోసిన్, ఇంజన్ ఆయిల్ వంటివి పూయవద్దు. మీ తమ్ముడు ఇంకా ఆసుపత్రికి వెళ్లకపోతే ఆయననూ పంపండి.

ఇక కట్టడం గురించి. గేదె బెదిరితే రెండు గుంజులు గుంజి ఆగుతుంది. గుర్రం అలా కాదు. ప్రమాదం అనిపిస్తే పారిపోవడమే దానికి తెలిసిన ఉపాయం. చెవుల వెనుక పట్టీ బిగుసుకునే కొద్దీ మరింత భయపడి, ఒళ్లంతా బరువు వేసి వెనక్కి లాగుతుంది. అందుకే కట్టే చోటు కదలకూడదు, ముడి మాత్రం క్షణంలో ఊడాలి. మీ గేటు కదిలింది, ముడి ఊడలేదు.

లోతుగా పాతిన గుంజకు గానీ, గోడలో బిగించిన ఇనుప కడియానికి గానీ కట్టండి. గేటు, బండి చక్రం, మోటారు సైకిల్ పనికిరావు. కళ్ళేనికి తాడు కట్టవద్దు, లాగినప్పుడు నోరు చీరుకుపోతుంది. మెడకు ఉచ్చు అసలే వద్దు. తలకు హాల్టర్ (నోట్లో ఇనుము లేకుండా, ముక్కు మీదుగా, చెవుల వెనుకగా వచ్చే పట్టీల తలకట్టు) వేసి, దాని కింది కడియానికి తాడు తగిలించాలి. ముడి గుర్రం మూపు ఎత్తులో గానీ అంతకంటే పైన గానీ ఉండాలి. గుంజకూ హాల్టర్‌కూ మధ్య తాడు రెండు, రెండున్నర అడుగులు చాలు. మీ గుర్రానికి పుండు పడింది తాడు పొడుగై కాలు అందులో పడడం వల్లేనని నా అనుమానం.

ముడి దూముడి వేయండి. తాడును గుంజ చుట్టూ తిప్పి, కొస వైపు తాడుతో ఒక వలయం చేసి, గుర్రం వైపు తాడు మీద ఆనించండి. కొసను పూర్తిగా దూర్చకుండా, మధ్యలో మడిచి ఆ మడతను మాత్రమే తాడు వెనుకగా తెచ్చి వలయంలోంచి లాగి బిగించండి. వేలాడే కొసను లాగితే ముడి ఊడిపోవాలి. గుర్రం లేకుండా గుంజ దగ్గర పదిసార్లు వేసి చూడండి. వేసేటప్పుడు వేలు వలయంలో పెట్టవద్దు. పెరటికి కంచె ఉంటే గుంజకు పురికొస ఉచ్చు వేసి తాడును దానికి కట్టవచ్చు. మరీ గింజుకుంటే అది తెగుతుంది. రోడ్డు పక్కన మాత్రం ఆ పని చేయవద్దు, తెంచుకున్న గుర్రం లారీ కింద పడుతుంది.

బంధం సలహా నాకు నచ్చలేదు. బెదిరిన గుర్రం ముందరికాళ్లు కట్టి ఉంటే మోకాళ్ల మీద పడుతుంది. దాని బదులు తాడు లాగితే ముందుకు రావడం నేర్పండి. మెల్లగా లాగి పట్టుకోండి, ఒక్క అడుగు వేసినా వెంటనే వదులు చేయండి. రోజూ పది నిమిషాలు చేయిస్తే కొన్నాళ్లకు తాడు బిగిసినా తిరగబడదు.

దగ్గరికి ఎడమ భుజం వైపు నుంచి, పిలుస్తూ వెళ్లండి. దాని నుదుటికి సరిగ్గా ముందున్నదీ, తోక వెనుకున్నదీ దానికి కనిపించవు. వెనుకగా దాటాల్సి వస్తే తుంటి మీద చేయి వేసి ఒళ్లు ఆనించినంత దగ్గరగా దాటండి, లేదా పది అడుగులు ఎడంగా వెళ్లండి. తాడు చేతికి చుట్టుకోవడం మన రైతులకు అలవాటే, కానీ గుర్రం విషయంలో ఆ అలవాటు వేళ్లు తీస్తుంది. మడతలు పెట్టి పట్టుకోండి.

ఊరేగింపు రాత్రి బాజాలు, బాణసంచా మధ్య దాన్ని షామియానా గుంజకో, కారుకో కట్టి భోజనానికి వెళ్లవద్దు. మీరు తిని వచ్చేదాకా తాడు మీ తమ్ముడి చేతిలో ఉండాలి, ఆ తర్వాత ఆయన వెళ్లాలి.