వైట్‌ఫీల్డ్ ఫ్లాట్ అద్దె లెక్క

అన్నా, 80 లక్షల ఫ్లాట్‌కి నెలకి 25 వేల అద్దె, 3.75 శాతం వస్తుంది కదా తీసుకోవచ్చా అని అడిగారు. ఆ లెక్కలో ఖర్చులే లేవు. బెంగళూరులో స్టాంప్ డ్యూటీ, 2025 ఆగస్టు చివర్లో 2 శాతానికి పెంచిన రిజిస్ట్రేషన్ ఫీజు, సెస్సులు కలిపి ఆరు లక్షలు దాటుద్ది, కప్‌బోర్డులు గీజర్లు పెట్టించేసరికి మొత్తం 90 లక్షలు అనుకోండి. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతే వచ్చేది 2.75 లక్షలు, అందులో మెయింటెనెన్స్ మీరే కడితే 48 వేలు, ప్రాపర్టీ టాక్స్ ఒక 8 వేలు, రిపేర్లు పెయింటింగ్‌కి 25 వేలు తీసేస్తే మిగిలేది 1.94 లక్షలే, అంటే 2.2 శాతం కూడా లేదు, అదీ ఇన్‌కమ్ టాక్స్ కట్టకముందు.

60 లక్షల లోను 8.5 శాతానికి 20 ఏళ్లు పెట్టుకుంటే ఈఎంఐ 52 వేలు, ఖర్చులు పోను అద్దెలో మిగిలేది నెలకి 16 వేలే కాబట్టి నెలనెలా 36 వేలు జీతంలోంచి వేసుకోవాలి.

2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని అందరూ ఊళ్లకెళ్లిపోయి నా ఫ్లాట్ ఐదు నెలలు ఖాళీగా పడుంది, చాలా భయపడ్డాను. మీ లెక్కలో కూడా ఐదు నెలలు ఖాళీ పెట్టి చూడండి, ఒక శాతం దగ్గరికి పడిపోతుంది. అది తట్టుకోగలిగితేనే ముందుకెళ్లండి.

నీళ్లు కావేరీ కనెక్షనా, ట్యాంకరా అడగండి, 2024 ఎండాకాలం నీళ్ల కరువు చూశాం కదా. ఈ-ఖాతా, అంటే ఫ్లాట్ ఎవరి పేరున ఉందో చూపించే ఆన్‌లైన్ రికార్డు, చూడకుండా మాత్రం టోకెన్ అడ్వాన్స్ ఇవ్వొద్దన్నా.