కాంగాలు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మూడు డ్రమ్ముల సెట్టు, ఎర్రటి పాలిష్, ఇనుప స్టాండు, పైగా బ్యాగులు ఉచితం. ధర కూడా తక్కువే. అయినా అది కొనొద్దనే చెబుతాను. మంచి కాంగాలు, అంటే చేతులతో వాయించే ఈ పొడవాటి క్యూబా డ్రమ్ములు, ఒకసారి కొంటే నీ పిల్లలు కూడా వాయించుకుంటారు. అందుకని తొందరపడకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

మొదట ఎన్ని కావాలో తేల్చుకుందాం. క్యూబాలో రుంబా అనే పాటా నాట్యమూ కలిసిన సంగీతం వాయించేటప్పుడు సాధారణంగా మనిషికి ఒక్క డ్రమ్మే ఉంటుంది. పెద్దది తుంబా, మధ్యది మనం కాంగా అనేది, చిన్నది కింతో. ఇద్దరు నడక పట్టుకుని ఉంటే, కింతో వాయించేవాడు నాట్యం చేసేవాళ్ల అడుగు చూసి అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతాడు. ఒకే మనిషి రెండు మూడు డ్రమ్ములు ముందు పెట్టుకుని వాయించడం తర్వాత వచ్చిన పద్ధతి. క్యూబా వాద్యకారుడు కాందిదో కామెరో లాంటి మహానుభావులు దాన్ని ఒక విద్యగా నిలబెట్టారు. నీ క్లాసులో చెబుతున్న తుంబావ్‌కు, అంటే కాంగా మీద మళ్లీ మళ్లీ వచ్చే మూల నడకకు, ముందు ఒక్క డ్రమ్ము మీద చెయ్యి కుదరాలి. ఆ తర్వాత రెండోది అవసరమవుతుంది. మూడోది చాలాకాలం ఊరికే గదిలో చోటు ఆక్రమించి కూర్చుంటుంది.

కాబట్టి పై నోటి అడ్డుకొలత 11¾ అంగుళాలున్న కాంగా ఒకటి, 12½ అంగుళాలున్న తుంబా ఒకటి తీసుకో. 11 అంగుళాల కింతో తర్వాత చూసుకోవచ్చు. చౌక సెట్లలో కొన్ని 10, 11 అంగుళాల జతగా వస్తాయి. వాటిలో మంద్రం సరిగ్గా రాదు, నీ చేతులకు చోటూ చాలదు. డబ్బు ఒక్కదానికే సరిపోతే మంచి కాంగా ఒక్కటే కొనుక్కో. నాసిరకం మూడు కంటే అది ఎన్నో రెట్లు మేలు.

శ్రుతి సంగతి నీకు సులభంగానే అర్థమవుతుంది, చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నవాడివి కదా. కాంగాను షడ్జమం అనుకుంటే తుంబా మంద్ర పంచమంలో ఉండాలి. పాశ్చాత్య సంగీతం లెక్కలో సి, దాని కింది జి. రేపు కింతో వస్తే దాన్ని అంతర గాంధారానికి, అంటే ఈకి చేర్చుకోవచ్చు. అందరూ ఇలాగే పెట్టుకోరు, పాటను బట్టి మార్చుకునేవాళ్లున్నారు. నువ్వు మాత్రం దీనితో మొదలుపెట్టు. ఆ రెండు స్వరాలకూ సుఖంగా చేరని జత, ఎంత అందంగా ఉన్నా, నీకు వద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. తోలు పాడైతే మార్చుకోవచ్చు. తోలును పట్టి ఉంచే లోహపు రింగు, అంటే రిమ్ము, దాని బోల్టులు వంగితే కొత్తవి వేయించుకోవచ్చు. చెక్క చెడితే డ్రమ్ము చెడినట్టే. అందుకే ముందు చెక్క చూడు. మృదంగాన్ని పనస మొద్దు తొలిచి ఒకే ముక్కగా చేస్తారు. కాంగా అలా కాదు. నిలువు బద్దలను పక్కపక్కన పేర్చి, జిగురుతో అతికించి, మధ్యలో పొట్ట వచ్చేలా తయారుచేస్తారు. దాని ప్రాణమంతా ఆ అతుకుల్లోనే ఉంది. తోలును బోల్టులతో బిగించినకొద్దీ ఆ లాగుడంతా చెక్క మీదే పడుతుంది. ఒక్క అతుకు విడినా శ్రుతి నిలవదు, దెబ్బ వేస్తే బుస్సుమంటుంది.

కొట్టుకు వెళ్లినా, ఎవరింటికి వెళ్లినా డ్రమ్మును పక్కకు పడుకోబెట్టు. కింది నోట్లోంచి టార్చి వేసి లోపల ప్రతి అతుకు వెంటా పైనుంచి కిందిదాకా చూడు. తర్వాత గదిలో లైటు తీసేసి, టార్చి లోపలే ఉంచి బయటినుంచి చూడు. ఎక్కడైనా వెలుగు గీతలా కనిపిస్తే అది పగులే. పాలిష్ మీద సన్నని గీతలుంటే భయపడకు, అవి వయసుతో వస్తాయి. అతుకు వెంట గోరు నడిపితే గోరు తట్టుకునే చోట మాత్రం ఆగి గట్టిగా చూడు. బోల్టులు పట్టుకుని ఉండే పక్క ప్లేట్ల దగ్గర చెక్క లేచిందేమో, స్క్రూలు వదులయ్యాయేమో కూడా చూడాలి. లాగుడు ఎక్కువగా పడేది అక్కడే.

అమ్మేవాళ్లు ఒప్పుకుంటే తోలు విప్పించు. కింద కనిపించే చెక్క అంచు గుండ్రంగా, సమంగా ఉండాలి. గుండ్రం తప్పి కోలగా మారిన డ్రమ్ముకు ఏ తోలు వేసినా ఒక పక్క ఒక స్వరం, ఇంకో పక్క ఇంకో స్వరం పలుకుతుంది. తోలు విప్పడానికి ఒప్పుకోకపోతే ఒక్కో బోల్టు దగ్గరా వేలితో తట్టి విను. బోల్టులు అన్నీ కొంచెం తిప్పి చూడు. మరలు అరిగిపోయినది ఒక్కటున్నా బేరంలో చెప్పాలి.

ఏ చెక్క అని అడిగావు. ‘సియామ్ ఓక్’ అని రాసి ఉండేది రబ్బరు చెట్టు చెక్క, థాయ్‌లాండ్‌లో చేసే డ్రమ్ముల్లో ఎక్కువగా వాడతారు. చెడ్డదేమీ కాదు, ఎన్నో మంచి డ్రమ్ములు దానితోనే వచ్చాయి. యాష్ చెక్కవి కూడా బాగుంటాయి. ఫైబర్‌గ్లాస్‌వి గట్టిగా, పదునుగా పలుకుతాయి. ట్రంపెట్లు, ట్రాంబోన్లు హోరెత్తే స్టేజీ మీద వాటికి సాటి లేదు, గాలిలో తేమకూ చలించవు. అయితే ఇంట్లో సాధన చేసే నీకు చెక్క నాదమే సరిపోతుంది. అందులో ఉండే గుండుదనం నీ మృదంగం చెవికి హాయిగా ఉంటుంది.

తోలు గురించి పెద్దగా బెంగపడనక్కర్లేదు. గేదె తోలు ఎక్కువగా దొరుకుతుంది, క్యూబాలో కంచరగాడిద తోలు ఇష్టపడతారు. సింథటిక్ అయితే వానా ఎండా తేడా లేకుండా శ్రుతి నిలుస్తుంది, కాకపోతే ధ్వని కాస్త పలుచన. పాత డ్రమ్ములో రిమ్ము చెక్క అంచు కంటే బాగా కిందికి దిగిపోయి కనిపిస్తే తోలు సాగిపోయిందని అర్థం. కొనడం మానక్కర్లేదు, కొత్త తోలు ఖరీదు తగ్గించమని అడుగు.

పాతవి కొనాలా కొత్తవా అంటే, నువ్వున్న చోట పాతవే కొనమంటాను. 1962లో అమెరికా క్యూబాతో వ్యాపారం పూర్తిగా ఆపేయడంతో అక్కడి డ్రమ్ములు రావడం ఆగిపోయింది. అప్పుడు మార్టిన్ కోహెన్ అనే ఇంజనీరు తనే బాంగోలు, అంటే జతగా ఉండే చిన్న డ్రమ్ములు, చేయడం మొదలుపెట్టి 1964లో లాటిన్ పెర్కషన్ కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ చాలాకాలం మీ న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్‌లోనే ఉండేది. అంతకుముందే, 1954లో, లాస్ ఏంజలెస్‌లో మరియానో బోబాడియా గాన్ బాప్స్ అనే డ్రమ్ముల కంపెనీ మొదలుపెట్టాడు. ఈ రెండు పేర్లతోపాటు మైనల్ కంపెనీ పై శ్రేణి డ్రమ్ములు కూడా వెతుకు. ఒకే పేరుతో చౌక రకమూ మేలు రకమూ రెండూ అమ్ముతారు కాబట్టి లోగో చూసి సంబరపడకుండా మోడల్ ఏదో కనుక్కో. చుట్టుపక్కల క్యూబా, ప్యూర్టోరికో కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, నీకు దగ్గర్లోని యూనియన్ సిటీ అయితే క్యూబావాళ్లకు పేరుపడ్డ ఊరు. వాయించడం మానేసి డ్రమ్ములు అమ్మేసేవాళ్లు అలాంటి చోటే దొరుకుతారు. మీ గురువుగారిని అడుగు, వీలైతే వెంట రమ్మను. వేసవి ఆదివారాల్లో సెంట్రల్ పార్కు సరస్సు దగ్గర రుంబా వాయించేవాళ్లుంటారు, వెళ్లి నిలబడి విను. అసలు నాదం చెవిలో పడ్డాకే కొనుగోలుకు వెళ్లు.

చేత్తో పరీక్షించడం ఎలాగో చెబుతాను. మన ఆర్కెస్ట్రాల్లో తబలా నుంచి తుంబాలకు వచ్చినవాళ్లు చాలామంది వేలి కొసలతో వాయించేవారు. కాంగా దానికి పలకదు. వేళ్లు కలిపి, వేళ్ల మొదళ్లు అంచు మీద ఆనేలా కొట్టి చెయ్యి వెంటనే లేపు. మోగే ఆ ఓపెన్ దెబ్బ ఒకే స్వరంగా, నిండుగా రావాలి. గొణుగుడు, గలగల వినిపించకూడదు. తర్వాత అరచేతితో మధ్యలో మంద్రం. ఆ పైన స్లాప్, అంటే పగిలినట్టు పదునుగా మోగే దెబ్బ. స్లాప్ నీకింకా రాదు, అందుకని అమ్మేవాణ్ణే వాయించమను. అతను వాయిస్తుంటే నువ్వు పది అడుగులు వెనక్కి వెళ్లి విను, డ్రమ్ము అసలు గొంతు దూరానికే తెలుస్తుంది. రిమ్ము అంచు మీద అరచెయ్యి నడిపి కూడా చూడు. ఎక్కడైనా గుచ్చుకుంటే గంటసేపు సాధన చేశాక చెయ్యి వాస్తుంది.

నువ్వు పొడుగరివి కాబట్టి 30 అంగుళాల ఎత్తున్నవి తీసుకో, 28వి నీకు కురచ అవుతాయి. స్టాండు ఇప్పుడే వద్దు. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య డ్రమ్మును కాస్త ముందుకు వంచి వాయించు. అడుగు మొత్తం నేలకు ఆనితే గాలి బయటికి పోదు, మంద్రం మూగబోతుంది. ఒక్కోటి పది కిలోలు పైనే తూగుతుంది, మెట్లెక్కేటప్పుడు నడుము జాగ్రత్త. కింది అపార్ట్‌మెంట్‌లో చిన్నపిల్లలున్నారన్నావు, రాత్రి తొమ్మిది తర్వాత ముట్టుకోకు.

ఇంటికి తెచ్చాక హీటరు పక్కన పెట్టకు. మీ చలికాలంలో హీటింగు వేసిన గదుల్లో గాలి ఎండిపోతుంది, అతుకులు విచ్చుకునేది అప్పుడే. ఎండాకాలం కారులో వదిలేయడం అంతకన్నా ప్రమాదం. వాయించే ముందు చేతి ఉంగరం తీసేయి. వాయించాక ప్రతి బోల్టునూ ఒకే లెక్కన కొంచెం కొంచెంగా వదులు చేయి, మళ్లీ వాయించేటప్పుడు అదే లెక్కన బిగించు. ఒకేచోట గబగబా బిగిస్తే తోలు ఒక పక్కకు లాగేసి చిరిగే ప్రమాదం ఉంది.

శనివారం ఒక జత చూడ్డానికి వెళ్తున్నానన్నావు. టార్చి తీసుకెళ్లు. స్పానర్ వాళ్ల దగ్గర ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కో. డ్రమ్ము లోపలి భాగం, పై అంచు, పక్క ప్లేట్లు ఫొటోలు తీసి, ఓపెన్ దెబ్బ రికార్డు చేసి పంపు. ఇక్కడ ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, నేను విన్నాకే డబ్బు ఇవ్వు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ప్రేమతో,
మామయ్య