పేజీ టైటిల్, మెటా డిస్క్రిప్షన్ ఎలా రాస్తే గూగుల్‌లో జనం క్లిక్ చేస్తారు?

గూగుల్ ఫలితాల్లో లింకుగా పెద్దగా కనిపించేది టైటిల్, దాని కింద వచ్చే చిన్న వివరణ మెటా డిస్క్రిప్షన్. టైటిల్‌కే ఎక్కువ సమయం పెట్టండి. ర్యాంకింగ్‌లో, అంటే ఫలితాల్లో పేజీ ఎంత పైన వస్తుందన్న దాంట్లో, దానికి కొంత పాత్ర ఉంది. మెటా డిస్క్రిప్షన్‌కు నేరుగా లేదు. అది క్లిక్ చేయించడానికే పనికొస్తుంది.

ఆవకాయ అమ్మే సైటు ఉందనుకుందాం. చాలామంది టైటిల్‌లో ‘హోమ్’ అనో, ఒట్టి షాపు పేరో పెట్టి వదిలేస్తారు. కొనేవాళ్లు వెతికేది ఆ పేరుతో కాదు కదా! ‘గుంటూరు ఆవకాయ – అరకిలో, కిలో ప్యాక్‌లు | షాపు పేరు’ అని రాయండి. అసలు మాట ముందుండాలి, ఎందుకంటే టైటిల్ పొడవైతే ఫోన్‌లో చివర కత్తిరించుకుపోవచ్చు. టైటిల్ ‘60 అక్షరాలు’ దాటకూడదనే లెక్క తెలుగుకు నమ్మకండి. గూగుల్ చూసేది తెర మీద పట్టే వెడల్పును. పైగా ‘గుంటూరు’ మనకు మూడక్షరాలే అయినా, గుణింతాలూ సున్నా విడిగా లెక్కపెట్టే టూల్స్‌లో ఏడు అవుతుంది. కాబట్టి రాశాక ఫోన్‌లో వెతికి చూసుకోవడమే మేలు.

ప్రతి పేజీకీ వేరే టైటిల్ ఉండాలి. ‘ఆవకాయ, బెస్ట్ ఆవకాయ, చీప్ ఆవకాయ’ అని కుక్కితే గూగుల్ దాన్ని పక్కనపెట్టి, పేజీలోని హెడ్డింగ్ లాంటిది తీసుకుని చూపించవచ్చు.

డిస్క్రిప్షన్ రెండు వాక్యాలు చాలు: ఏ నూనెతో పట్టారు, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, అమెరికాకు పంపుతారా. పేజీలో లేనిది మాత్రం రాయకండి, వచ్చినవాళ్లు వెంటనే వెళ్లిపోతారు. మీరు రాసిందే చూపిస్తారన్న హామీ కూడా లేదు; వెతికిన మాటకు తగ్గ వాక్యం పేజీలో దొరికితే గూగుల్ దాన్నే ఎత్తుకోవచ్చు.

మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో కనిపించకుండా రాసే కీలక పదాల జాబితా) జోలికి వెళ్లకండి. ర్యాంకింగ్‌కు వాటిని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.