పొట్టి బ్యారెల్ మాగ్నమ్ రివాల్వర్: కొనేముందు, కాల్చేముందు

ప్రశ్న: నమస్తే అండీ. నాకు ఈమధ్యే గ్రీన్‌కార్డు వచ్చింది. ఆఫీసు స్నేహితులు షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్తే, అక్కడ ఒకాయన దగ్గర చిన్న .357 మాగ్నమ్ రివాల్వర్ చూసి మనసు పడ్డాను. జేబులో పట్టేంత తేలికైనది తీసుకోమని షాపువాళ్లు చెబుతున్నారు. మొదటి తుపాకీగా అది మంచిదేనా? హెచ్-1లో ఉన్న మా బావమరిదికీ, వేసవిలో వచ్చే మా నాన్నగారికీ కూడా ఓసారి కాల్చే అవకాశం ఇవ్వాలని ఉంది.

జవాబు: మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. వాళ్ల చేతికి తుపాకీ ఇవ్వకండి. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బి-2 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. సొంతంగా కొనక్కర్లేదు, రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాసేపు పట్టుకున్నా అంతే. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. తెలిసీ ఇచ్చినందుకు మీ మీద కూడా కేసు పడుతుంది. ఆయుధాల కేసులో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేస్తారు. కౌంటర్‌లో వీసా సంగతి ఎవరూ అడగలేదని ధైర్యపడకండి. అడగనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే. మీ బావమరిది దాన్ని నమ్ముకోవాలనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడమనండి. గ్రీన్‌కార్డు అప్లికేషన్ పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) మాత్రమే వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కార్డు చేతికొచ్చేదాకా ఆగండి.

మీ విషయంలో ఆ ఇబ్బంది లేదు. 21 ఏళ్లు నిండిన గ్రీన్‌కార్డుదారులు లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక హ్యాండ్‌గన్ కొనుక్కోవచ్చు. అయితే రాష్ట్రాన్ని బట్టి రూల్స్ చాలా మారతాయి. టెక్సాస్‌లో కొనడానికి ప్రత్యేకంగా పర్మిట్ అక్కర్లేదు. న్యూజెర్సీలో ముందే పర్మిట్ తీసుకోవాలి, ఇల్లినాయిస్‌లో ఫాయిడ్ కార్డు (తుపాకీ యజమానులకు రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉండాలి. డల్లాస్‌లో ఉండే స్నేహితుడు చెప్పిన మాట పట్టుకుని న్యూజెర్సీ ఎడిసన్‌లో షాపుకి వెళ్లకండి.

ఇక రివాల్వర్ సంగతి. ఆ పొట్టి మాగ్నమ్‌లంటే నాకూ చాలా ఇష్టం. అందుకే చెబుతున్నాను, బాగా తేలికైనది మొదటి తుపాకీగా వద్దు.

.357 మాగ్నమ్ తూటా 1935లో స్మిత్ అండ్ వెసన్ వాళ్ల పెద్ద, బరువైన రివాల్వర్‌తో పాటు వచ్చింది. అప్పటికే వాడుకలో ఉన్న .38 స్పెషల్‌నే కాస్త పొడుగు చేసి, లోపలి ఒత్తిడి బాగా పెంచారు. ఆ అదనపు పొడుగు వల్ల ఇది మామూలు .38 స్పెషల్ రివాల్వర్లలో పట్టదు, పొరపాటున వేసి పేల్చే ప్రమాదం తగ్గుతుంది. అంత బరువైన తుపాకీ కోసం పుట్టిన తూటాను ఇప్పుడు 12 ఔన్సులు కూడా లేని స్మిత్ అండ్ వెసన్ 340పీడీ లాంటి వాటిలో పెట్టి కాల్చమంటున్నారు. రెండుంపావు అంగుళాల బ్యారెల్ ఉన్న రూగర్ ఎస్‌పీ101 సుమారు 26 ఔన్సులుంటుంది. ఒకే రకం తూటా పేల్చినప్పుడు తుపాకీ బరువు సగమైతే వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుతుంది. చేతికి అది బాగా తెలుస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న మెత్తటి చోట దెబ్బ తగులుతుంది, ట్రిగ్గర్ గార్డు వెనక భాగం వచ్చి మధ్యవేలి కణుపును కొడుతుంది. పిడి సన్నగా, నున్నగా ఉంటే తుపాకీ అరచేతిలోనే తిరుగుతుంది. ఒక్క సిలిండర్ (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగం) ఖాళీ అయ్యేసరికే ఇంక చాలనిపిస్తుంది.

పైగా బ్యారెల్ పొట్టిది కాబట్టి, తూటా కొసనున్న బుల్లెట్ బయటపడేలోపు తూటాలోని తుపాకీ మందు పూర్తిగా కాలదు. మిగిలింది బ్యారెల్ బయట భగ్గుమంటుంది. వెలుతురు తక్కువున్న ఇండోర్ రేంజ్‌లో ఆ నారింజ రంగు మంట చూస్తే పక్క లేన్‌లో వాళ్లు కూడా ఆగి తలతిప్పుతారు. నిజం చెప్పాలంటే సరదాలో సగం అదే. దానికి మూల్యం కూడా ఉంది: 4 అంగుళాల బ్యారెల్‌తో పోలిస్తే 2 అంగుళాల దాంట్లో బుల్లెట్ వేగం సెకనుకు సుమారు 200 అడుగులు తగ్గుతుంది. శబ్దం మాత్రం 160 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటిన పేలుడు శబ్దం ఒక్కసారి విన్నా వినికిడి దెబ్బతినవచ్చు. చెవుల్లో ఫోమ్ ప్లగ్స్ పెట్టుకుని, వాటి మీద మఫ్స్ కూడా పెట్టుకోండి. ఈ విషయంలో మొహమాటం వద్దు. కళ్లద్దాలు ఎలాగూ తప్పనిసరి.

బ్యారెల్ పొట్టిదైతే గురి కుదరదని చాలామంది అంటారు. అందులో తప్పు తుపాకీది కాదు. గురి చూసేందుకు తుపాకీ మీదుండే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య 4 అంగుళాలే ఉన్నప్పుడు, అక్కడ 1 మిల్లీమీటరు తేడా వస్తే 7 గజాల దూరంలోని కాగితం మీద అది 6 సెంటీమీటర్లు దాటుతుంది. అదే 8 అంగుళాలుంటే 3 సెంటీమీటర్లే. అంటే మన చేతి తప్పును ఈ తుపాకీ పెద్దది చేసి చూపిస్తుంది. డబుల్ యాక్షన్‌లో (అంటే ట్రిగ్గర్ లాగితేనే సుత్తి వెనక్కి వెళ్లి పడే పద్ధతిలో) ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా ఉంటుంది. దాన్ని మధ్యలో ఆపకుండా ఒకే వేగంతో చివరిదాకా లాగడం ఒక విద్య. అది పట్టుబడి, ఈ చిన్న తుపాకీతో అయిదు రంధ్రాలూ అరచేయంత చోట పడ్డ రోజున కలిగే ఆనందం పెద్ద తుపాకీలతో రాదు. ఆ కాగితం నేనైతే పారేయలేను.

మొదలుపెట్టేటప్పుడు .38 స్పెషల్ తూటాలే వాడండి. .357 రివాల్వర్‌లో అవి శుభ్రంగా పేలతాయి, ధర తక్కువ, తన్నడం కూడా తక్కువే. మొదటిసారి మాగ్నమ్ వేసేటప్పుడు సిలిండర్‌లో ఒక్క తూటానే పెట్టండి. చెయ్యి అదిరి ట్రిగ్గర్ మళ్లీ నొక్కుకుపోయినా రెండోది పేలదు. కొత్తవాళ్లకు నేర్పేవాళ్లు ఎప్పుడూ ఇలాగే చెయ్యాలి.

చేతులు పెట్టే చోటు విషయంలో చాలా జాగ్రత్త కావాలి. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, పేలినప్పుడు అందులోంచి మండే వాయువులు పక్కలకు కత్తిలా దూసుకొస్తాయి. ఆటోమేటిక్ పిస్టల్‌తో నేర్చుకున్నవాళ్లకు ఎడమ బొటనవేలు ముందుకు చాచే అలవాటు ఉంటుంది. రివాల్వర్ పట్టుకున్నప్పుడు ఆ అలవాటు మానేయాలి. మాగ్నమ్ అయితే వేలు చీరుకుపోతుంది. రెండు బొటనవేళ్లనూ కిందికి మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించండి.

నాలుగు మాగ్నమ్‌లు పేల్చేసరికి పేలకముందే ఉలిక్కిపడటం మొదలవుతుంది. అది మీకు తెలియదు కూడా. స్నేహితుణ్ని పిలిచి, సిలిండర్‌లో రెండు మూడు అసలు తూటాలు, మిగతావి ఖాళీ గుల్లలు (పేలిపోయిన తూటాల తొడుగులు) కలిపి పెట్టమనండి. ఏది ఎక్కడుందో మీరు చూడొద్దు. ఖాళీ దాని మీద సుత్తి పడి టిక్కుమన్నప్పుడు బ్యారెల్ కొస కిందికి వంగితే, అదే మీ ఉలికిపాటు. కొస కదలకుండా నిలిచేదాకా మళ్లీ .38లతోనే సాధన చెయ్యండి.

శబ్దాలు కూడా గమనించాలి. టిక్కుమని పేలకపోతే, తుపాకీని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. మామూలు పేలుడు బదులు ఫట్‌మని బలహీనంగా వినిపిస్తే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. అక్కడితో ఆపి రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి. ఇంకోటి పేల్చారో తుపాకీ పగిలిపోతుంది. బాగా తేలిక రివాల్వర్లలో మరో ఇబ్బంది ఉంది. ఆ కుదుపుకి మిగతా తూటాల్లోని బుల్లెట్లు ముందుకు జరిగి సిలిండర్‌ను తిరగనివ్వవు. ఇక పొట్టి రివాల్వర్లలో ఎజెక్టర్ రాడ్ (గుల్లలను బయటికి నెట్టే కడ్డీ) కూడా పొట్టిదే, పొడుగాటి .357 గుల్లలను పూర్తిగా బయటికి నెట్టలేదు. సిలిండర్ తెరిచాక బ్యారెల్‌ను పైకి నిలబెట్టి, రాడ్‌ను అరచేత్తో ఒక్క దెబ్బ గట్టిగా కొడితే గుల్లలన్నీ రాలతాయి. మెల్లగా నెడితే ఒకటో రెండో లోపలే ఉండిపోతాయి.

కాబట్టి ముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని, మీరు కొనబోయే తూటాతోనే కాల్చి చూడండి. ఎస్‌పీ101 లాంటి స్టీలు రివాల్వర్, లేదా 3 అంగుళాల బ్యారెల్ ఉన్నది తీసుకుని, రబ్బరు పిడి వేయించుకోండి. జేబుకి బరువే, చేతికి మాత్రం సుఖం. ఇంట్లో పిల్లలుంటే అదే రోజు తాళం ఉన్న పెట్టె కూడా కొనండి. రేంజ్ నుంచి రాగానే చేతులు, ముఖం చల్లటి నీళ్లతో, సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి, సీసం దుమ్ము వాళ్లకు హానికరం.

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు వేరేగా పెట్టుకుని, దాన్ని ఇంక దేనికీ వాడకండి. అదే బ్యాగుతో ఇండియా వెళ్లి, మూలలో మరిచిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో బయటపడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. మరిచిపోయాను అంటే అక్కడితో వదిలేయరు, పోలీసు స్టేషను, కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. జ్ఞాపకంగా ఖాళీ గుల్లలు కూడా తీసుకెళ్లకండి. ప్రయాణానికి ముందురోజు కోటు జేబులు, కారులోంచి తీసిన సంచులు కూడా దులిపి చూసుకోండి.