15 వేల సీట్ల ఇండోర్ అరీనా: లెక్క ఎక్కడ తప్పుతుంది?

అడిగిన ప్రశ్న ఇది: హైదరాబాద్ చుట్టుపక్కల 15 వేల మంది పట్టే ఇండోర్ అరీనా కడితే కబడ్డీ, బాస్కెట్‌బాల్, సంగీత కచేరీలు, ఐస్ షోలు అన్నీ ఒకే హాల్లో నడపొచ్చా? ప్లానింగ్‌లో తప్పులు ఎక్కడ దొర్లుతాయి?

నడపొచ్చు. కానీ ఆ "అన్నీ" అన్న మాటకి ఎంత ఖర్చవుతుందో మొదటి డ్రాయింగు గీయకముందే తేల్చుకోవాలి. తర్వాత తేల్చుకుంటే ఏమవుతుందో చూడటానికి న్యూయార్క్‌లోని బార్‌క్లేస్ సెంటర్ అనే ఇండోర్ అరీనాని మించిన ఉదాహరణ లేదు. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గేరీ ఇచ్చిన మొదటి డిజైన్‌లో ఐస్ హాకీకి చోటుంది. 2009లో ఖర్చు తగ్గించాలని దాన్ని పక్కనపెట్టి, బాస్కెట్‌బాల్‌కి సరిపోయే చిన్న హాలు గీయించి 2012లో తెరిచారు. 2015లో ఐలాండర్స్ అనే హాకీ జట్టు అందులోకి వచ్చింది. రింకు, అంటే ఐస్ పరిచిన ఆటస్థలం, మధ్యలో పట్టలేదు, ఒక పక్కకి జరిగింది. నెత్తిమీది స్కోర్‌బోర్డు మాత్రం ఉన్నచోటే ఉండటంతో ఆట మధ్యగీతకి దూరంగా వేలాడింది. చాలా సీట్లలోంచి ఒకవైపు గోల్ కనపడేది కాదు. ఆ జట్టు 2021లో యూబీఎస్ అరీనా అనే సొంత గూటికి చేరుకుంది.

ఇది ఎందుకు జరుగుతుందో ఒక్క సీటు దగ్గర లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) కోర్టు వెడల్పు 15.24 మీటర్లు, ఎన్‌హెచ్ఎల్ (అక్కడి ఐస్ హాకీ లీగ్) రింకు వెడల్పు సుమారు 25.9 మీటర్లు. అంటే ఒక్కో పక్క రింకు అంచు సీటుకి 5.3 మీటర్లు దగ్గరగా వస్తుంది. వెనక కూర్చున్నవాడి చూపు ముందువాడి కళ్లకంటే ఎంత పైనుంచి పోతుందో చెప్పే కొలతే సి-వాల్యూ. 120 మి.మీ. ఉంటే బ్రహ్మాండం, 90 ఉంటే మంచిది, 60కి తగ్గితే జనం మెడలు సాచడం మొదలుపెడతారు. ఇప్పుడు ఒక వరస తీసుకోండి. కన్ను నేలకి 6 మీటర్ల ఎత్తులో, బాస్కెట్‌బాల్ సైడ్‌లైన్‌కి 20 మీటర్ల దూరంలో ఉంది. వరసకీ వరసకీ మధ్య 80 సెం.మీ. ఉంది. 90 మి.మీ. సి-వాల్యూ రావాలంటే మెట్టు ఎత్తు 33 సెం.మీ. పైచిలుకు చాలు. అదే మెట్టు మీద కూర్చుని 14.7 మీటర్ల దూరంలోని రింకు అంచు చూడబోతే సి-వాల్యూ 7 మి.మీ.కి పడిపోతుంది! మెట్టు 40 సెం.మీ. చేస్తే హాకీకి 70, బాస్కెట్‌బాల్‌కి 154 వస్తాయి. కానీ ఒక్కో మెట్టుకి పెరిగిన ఆ ఆరేడు సెంటీమీటర్లు 30 వరసలకి కలిపి రెండు మీటర్లవుతాయి. కప్పు ఆ మేరకు పైకి పోతుంది, ఏసీ చేయాల్సిన గాలి కూడా పెరుగుతుంది.

కబడ్డీది తిరగేసిన సమస్య. మ్యాట్ 13 × 10 మీటర్లే కాబట్టి చూపుకి అడ్డం రాదు, కానీ ఆట దూరమైపోతుంది. అందుకే కింద 10–14 వరసలు లోపలికి ముడుచుకునే టెలిస్కోపిక్ సీట్లుగా పెట్టుకోవాలి. ఆ సీట్ల కంపెనీని స్లాబు పోయకముందే ఖాయం చేసుకోండి. వాటి చక్రాలు స్లాబు మీదే దొర్లుతాయి, లెవెల్ తేడా ఉంటే సగం దూరం వచ్చి బిగుసుకుంటాయి. మడిచినప్పుడు గోడలో ఎంత లోతు కావాలన్నదీ ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది.

ఇక కప్పు. మన దగ్గర పెద్ద షెడ్లు కట్టే అలవాటుతో రేకు బరువు, గాలి, ఏసీ డక్టులు లెక్కేసి ట్రస్, అంటే కప్పుని మోసే స్టీలు చట్రం, డిజైన్ చేసేస్తారు. కచేరీకి అది పనికిరాదు. పెద్ద టూర్లు స్పీకర్లు, లైట్లు, ఎల్ఈడీ తెరలు కలిపి 60 నుంచి 100 టన్నులు కప్పుకి వేలాడదీస్తాయి. పైగా ఆ బరువు హాలంతా సమానంగా పడదు, మూడొంతులు స్టేజి ఉన్న చివరే పడుతుంది. ఆ చివర ఎన్ని టన్నులో, ఒక్కో పాయింటుకి ఎంతో మొదటిరోజే స్ట్రక్చరల్ ఇంజినీరుకి రాసివ్వాలి. అలా రాసివ్వని హాల్లో చివరికి స్టేజి చుట్టూ నేల మీద టవర్లు నిలబెట్టి సామాను వేలాడదీస్తారు. ఆ టవర్ల వెనక సీట్లు అమ్ముడుపోవు.

ఇందులో మళ్లీ రెండు చిక్కులున్నాయి. సామాను పైకెత్తే చైన్ మోటార్‌ని ట్రస్ నోడ్ (కడ్డీలు కలిసే చోటు) దగ్గర కాకుండా రెండు నోడ్‌ల మధ్య కట్టేస్తే, లాగుడు తట్టుకోడానికి పెట్టిన కింది కడ్డీ వంగుడుకి లోనవుతుంది. రెండోది బ్రైడిల్, అంటే కావలసిన చోట బీమ్ లేనప్పుడు రెండు బీమ్‌ల నుంచి వై ఆకారంలో కలిపే తాళ్లు. ఒక టన్ను వేలాడదీస్తే ఒక్కో తాడుకి అర టన్నే అనుకుంటారు. తాళ్ల మధ్య కోణం 90 డిగ్రీలైతే ఒక్కోదానిలో 0.7 టన్ను, 120 డిగ్రీలైతే పూర్తిగా టన్ను పడుతుంది. దానితోపాటు బీమ్‌లను ఒకదానివైపు ఒకటి లాగే అడ్డబలం కూడా ఉంటుంది. ఈ తలనొప్పులు వద్దనుకుంటే స్టేజి చివర దగ్గర దగ్గరగా బీమ్‌లతో విడిగా రిగ్గింగ్ గ్రిడ్, అంటే సామాను వేలాడదీసే చట్రం, కట్టుకోవడమే నయం. ఎత్తు నేలనుంచి గ్రిడ్‌కి 25 మీటర్ల లోపు పెట్టుకోండి. మోటార్ గొలుసులు మామూలుగా 18–24 మీటర్లే వస్తాయి.

కప్పు ఎక్కించే వరస కూడా ప్లానింగ్‌లోనే రావాలి. లండన్ ఓ2 అరీనాని మిలీనియం డోమ్ అనే పెద్ద గుడారం లోపల కట్టారు. గుడారం కింద క్రేన్ తిరగదు కాబట్టి కప్పుని నేల మీదే జోడించి పైకెత్తి, తర్వాత చుట్టూ కట్టడం లేపారు. మనకి అంత అవసరం రాదు, కానీ ఒక పక్క రేకర్ బీమ్‌లు (సీట్ల మెట్లని మోసే ఏటవాలు బీమ్‌లు), ముందే పోత పోసి తెచ్చే ప్రీకాస్ట్ మెట్లు వేయకుండా వదిలిపెట్టాలి. లేకపోతే కప్పు పూర్తయ్యాక పెద్ద క్రేన్ లోపలే ఇరుక్కుంటుంది. వినడానికి నవ్వొస్తుంది గానీ, సైట్లో షెడ్యూలు తరుముతుంటే అందరూ మెట్లు ముందు పూర్తి చేయాలనే చూస్తారు.

లారీల దారి అందరూ చివర్లో గీస్తారు. అరీనా సంపాదన ఏడాదిలో ఎన్ని రాత్రులు నిండాయన్న దాని మీద ఉంటుంది. ఒక షో సామాను దిగి, రెండోది ఎక్కడానికి ఉన్నది కొద్ది గంటలే. 20 లారీలు వస్తే కనీసం ఆరు ఒకేసారి దింపేలా డాక్‌లు, అంటే సామాను దింపే గట్లు, ఉండాలి, అవి స్టేజి చివరే ఉండాలి. ర్యాంపు వాలు 8 శాతం దాటొద్దు. వాలు మొదలయ్యే చోటా ముగిసే చోటా మెల్లగా మారకపోతే పొడుగు ట్రెయిలర్ పొట్ట నేలకి తగులుతుంది. బార్‌క్లేస్‌లో ర్యాంపుకి స్థలం లేక లారీలను లిఫ్టుల్లో కిందికి దించి, గుండ్రటి టర్న్‌టేబుల్ మీద తిప్పుతున్నారు. ఊరి మధ్య రైల్వే స్టేషన్ పక్కన కట్టినందుకు కట్టిన కప్పం అది. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర స్థలముండి కూడా ర్యాంపుని ఇరుకు చేసుకుంటే మాత్రం క్షమించలేం.

కరెంటు దగ్గర ఒకటే మాట: సౌండుకి విడిగా ట్రాన్స్‌ఫార్మర్, విడిగా ఎర్తింగ్ ఇవ్వండి. లైట్ల డిమ్మర్లతో కలిపితే స్పీకర్లలో గుయ్యిమనే మోత పోదు.

చప్పుడు రెండువైపులా చూడాలి. లోపలి బేస్, అంటే పాటలోని అదిరే లోతు మోత, బయటికి పోతుంది, బయటి వాన చప్పుడు లోపలికొస్తుంది. బార్‌క్లేస్ తెరిచాక చుట్టుపక్కల ఇళ్లవాళ్లు బేస్ అదురు గురించి గొడవ చేశారు. 2015లో కప్పు మీద అదనపు స్టీలు వేసి మొక్కల పరుపు పరిచారు, చప్పుడు తగ్గుతుందన్నది అందులో ఒక లెక్క. బేస్‌ని ఆపేది బరువే, పలచటి ఇన్సులేషన్ కాదు. మన జూలై వాన ఒంటి రేకు మీద పడితే మైకు కూడా వినపడదు. కాబట్టి కింద చిల్లుల రేకు డెక్, దాని మీద చప్పుడు పీల్చే రాక్‌వూల్, పైన బరువైన బోర్డు లేదా కాంక్రీటు, అప్పుడు రేకు. ఈ బరువు కూడా మొదటి ట్రస్ లెక్కలోనే ఉండాలి.

నేల హైదరాబాద్‌లో అయితే గ్రానైట్. అరీనాని నేలలోకి దించి గిన్నెలా తవ్వాలంటే బ్లాస్టింగ్ పర్మిషన్లు, నెలల తరబడి రాయి కొట్టే బ్రేకర్లు తప్పవు. విజయవాడ వైపు భయం వేరు, నీళ్లు. నీటిమట్టానికి 6 మీటర్ల కిందికి పోతే ప్రతి చదరపు మీటరునీ 6 టన్నుల బలం పైకి నెడుతుంది. మీటరు మందం స్లాబు వేసినా బరువు రెండున్నర టన్నులే. మిగతాది స్లాబుని కిందికి లాగిపట్టే పైల్స్, అంటే నేలలోకి దించిన స్తంభాలు, మోయాలి. పైల్స్ కట్టుబడి పూర్తికాకముందే ఖర్చు మిగుల్చుకుందామని నీళ్లు తోడే పంపులు ఆపేస్తే స్లాబు పగులుతుంది.

బయటికి పోయే దారులకి బ్రిటిష్ గ్రీన్ గైడ్ (స్టేడియాల భద్రత పుస్తకం) లెక్క వాడితే తేలిగ్గా అర్థమవుతుంది: మెట్ల మీద మీటరు వెడల్పుకి నిమిషానికి 66 మంది. 15 వేల మంది 8 నిమిషాల్లో పోవాలంటే సుమారు 28.4 మీటర్ల మొత్తం వెడల్పు కావాలి, అదీ అన్నిటికంటే పెద్ద దారి మూసుకుపోయిందనుకుని మిగతావాటితో. శాంక్షన్‌కి మాత్రం మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారమే చూపించాలి.

ఏసీకి మనుషుల వేడే తలకి 120 వాట్ల చొప్పున 1,800 కిలోవాట్లు, అంటే 510 టన్నులు. తలకి సెకనుకి 8 లీటర్ల బయటి గాలి తెచ్చి, అందులో తేమ తీయడం వేరే లెక్క. విశాఖలాంటి ఊళ్లో దానికే జనం వేడికంటే ఎక్కువ పోతుంది. ఫ్యాన్లని కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లకి కట్టకపోతే, 4 వేల మంది వచ్చిన కబడ్డీ రోజూ 15 వేల మంది బిల్లు వస్తుంది.

మిగిలింది ఐస్. శాశ్వత రింకు అంటే స్లాబులో కిలోమీటర్ల కొద్దీ పైపులు, కింద ఇన్సులేషన్, దాని కింద మట్టి గడ్డకట్టి ఉబ్బకుండా వేడిచేసే పైపులు. డెహ్రాడూన్‌లో 2011లో కట్టిన రింకు నడిపే ఖర్చు భరించలేక ఏళ్ల తరబడి మూసే ఉంచారు. ఏడాదికి ఒకట్రెండు ఐస్ షోల కోసం అది వద్దు. టూరింగ్ షోలు మడతపెట్టే పైపు మ్యాట్లు, చిల్లరు అనే చల్లబరిచే యంత్రం వెంట తెచ్చుకుంటాయి. మీరు చేయాల్సింది డాక్ దగ్గర చిల్లరు నిలిపే గట్టు, దానికి కరెంటు, గోడలోంచి నేల దాకా రెండు పైపులు పట్టే స్లీవు, కరిగిన నీరు పోవడానికి నేల అంచున కాలువ. ఈ స్లీవు మర్చిపోతే పైపులు డాక్ తలుపులోంచే వస్తాయి. షో నడిచిన వారమంతా ఆ తలుపు మూయలేరు, ఏసీ అంతా అటే పోతుంది.