ఆఫ్రికా కప్పల ప్రాజెక్టు: జాతులు ఎక్కువున్న గళ్లే ఎంచితే ఎందుకు చాలదు?

వైజాగ్‌లో ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు కోసం ఆఫ్రికా మ్యాపును ఒక్కో డిగ్రీ గళ్లుగా విడగొట్టి, ముందుగా కాపాడాల్సిన చోట్లుగా కప్పజాతులు ఎక్కువున్న మొదటి 20 గళ్లను చూపిస్తే గైడ్ ఒప్పుకోలేదని మీరు రాశారు. తప్పు ఆ "ఎక్కువున్న" అన్న మాట దగ్గరే ఉంది.

ఒక గడిలో 40 జాతులు, పక్కదానిలో 38 అనుకోండి. వాటిలో 36 రెండింటిలోనూ ఉన్నవే. రెండూ తీసుకుంటే దక్కేవి 42. ఎక్కడో దూరాన 9 జాతులే ఉన్న గడిని, ఆ తొమ్మిదీ మొదటిదానిలో లేనివైతే, కలిపి చూడండి: 49. అందుకే ఒక గడి ఎంచిన ప్రతిసారీ, మిగతావి కొత్తగా ఏం తెస్తాయో మళ్లీ లెక్కకట్టాలి. లేకపోతే కామెరూన్ కొండల గళ్లు గుంపుగా వచ్చేసి కేప్‌టౌన్ కొస జారిపోతుంది. టేబుల్ మౌంటెన్ మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేని ఘోస్ట్ ఫ్రాగ్ జాతి ఉండేది ఆ కొసలోనే.

ప్రతి జాతికీ ఒకే లక్ష్యం, అంటే అది ఉండే ప్రాంతంలో ఎంత శాతం కాపాడాలన్నది, పెట్టకండి. విస్తీర్ణం 1,000 చ.కి.మీ. లోపుంటే 100 శాతం, 2,50,000 దాటితే 10 శాతం, మధ్యలో లాగ్ స్కేలు మీద తగ్గించుకుంటూ రావడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ లెక్కన 10,000 చ.కి.మీ. జాతికి సుమారు 62 శాతం వస్తుంది.

డిగ్రీ గళ్లు సమానం కావు. భూమధ్యరేఖ దగ్గర సుమారు 12,300 చ.కి.మీ. ఉన్న గడి 35 డిగ్రీల దక్షిణాన 10,100కి పడిపోతుంది. గళ్లే వాడేటట్టయితే, మ్యాపును విస్తీర్ణాలు సరిగ్గా చూపే ఈక్వల్ ఏరియా ప్రొజెక్షన్‌లోకి మార్చాకే గీయండి. ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఇచ్చే పాలిగాన్లలో (జాతి ఉండే ప్రాంతం హద్దులు) ప్రెజెన్స్ కోడ్ 1 (ఇప్పుడూ ఉన్నవి), ఆరిజిన్ కోడ్ 1, 2 (స్థానికమైనవి, మళ్లీ ప్రవేశపెట్టినవి) ఉన్నవి ఉంచండి. వాటిని జాతి ఉండే ఎత్తుల మేరకు కత్తిరించకపోతే కొండకప్ప మైదానంలోనూ ఉన్నట్టు లెక్కలోకి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. ఘోస్ట్ ఫ్రాగ్ తోకకప్పలు నోటితో రాళ్లను పట్టుకుని, ఏడాదికి పైగా ప్రవాహంలోనే పెరుగుతాయి. వేసవిలో వాగు ఎండిందా, ఆ తరం పోయినట్టే. టాంజానియాలో కిహాన్సీ జలపాతం తుంపర తడిపే రెండు హెక్టార్ల పచ్చికలోనే బతికిన బుల్లి గోదురుకప్ప సంగతి ఇంకా బాధాకరం. 2000లో పైన ఆనకట్ట కట్టి నీళ్లు మళ్లించారు, తుంపర చాలావరకు ఆగింది. స్ప్రింక్లర్లు బిగించినా నిలవలేదు. 2009లో సహజ ఆవాసంలో అంతరించినట్టు ప్రకటించారు. జూలలో పెంచినవాటిని 2012 నుంచి మళ్లీ వదులుతున్నారు. గడిలో పచ్చిక మాత్రమే ఉండి, నీళ్లొచ్చే ఎగువ ప్రాంతం పక్క గడిలో ఉంటే మీ మ్యాపు ఏమీ కాపాడదు. అందుకే చదరపు గళ్లు మాని, హైడ్రోబేసిన్స్ అనే డేటాలోని పరీవాహక ప్రాంతాలనే యూనిట్లుగా తీసుకోమంటాను. పాడేరు వైపు గెడ్డలు (కొండవాగులు) చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: పైన చెట్లు కొడితే కింద గెడ్డ ముందే ఎండుతుంది.

కాపాడాల్సిన చోట్లను ఎంచే సాఫ్ట్‌వేర్ మార్క్సాన్‌లో 100 రన్లు చేయండి. లక్ష్యాలు అందకపోతే ఎస్‌పీఎఫ్ (జాతి లక్ష్యం తప్పితే వేసే జరిమానా) పెంచండి. బీఎల్ఎం (ఎంచిన యూనిట్లు ఒకచోట చేరేలా చేసే విలువ) మరీ పెంచితే అవసరం లేని యూనిట్లూ ముద్దగా వచ్చి చేరతాయి. ఉన్న అభయారణ్యాలను తప్పక ఎంచేలా లాక్ చేసి ఒకసారి, చేయకుండా ఒకసారి నడిపి, రెండు మ్యాపులూ గైడ్ ముందు పక్కపక్కన పెట్టండి.